సరోవర్ నగర్‌లో ఓవర్సీరు కాపురం

మా నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. నిజానికి వాళ్లకు కావలసింది ఏ పరీక్ష రాస్తే ఎంత తొందరగా పైకి పోవచ్చో. అది నన్ను అడగడం శుద్ధ దండగ. ఆ కిటుకే తెలిస్తే నేను ఓవర్సీరుగా చేరి, చివరిదాకా జనం నోట్లో ఓవర్సీరుగానే మిగిలిపోయేవాణ్ని కాదు.

నాకు తెలిసిన సంగతి వేరే ఉంది. నీళ్లు ఎటు పారతాయో చదువులో నేర్పుతారు. లెవెల్ పెట్టి చూస్తే కనబడుతుంది కూడా. ఒడ్డున ఉండే మనుషులు ఏ రోజు ఎటు పారతారో చూపించే పరికరం మాత్రం నేను రిటైర్ అయ్యేదాకా మా స్టోరుకు రాలేదు. అది లేకుండానే ఉద్యోగం చెయ్యాలి. ఈ మాట నాకు బాగా ఒంటబట్టింది వరంగల్ శివార్లలో ఒక చెరువు ఒడ్డున అద్దెకున్నప్పుడు. అందుకని పెద్ద పెద్ద ప్రాజెక్టుల కథలు పక్కన పెట్టి, ఆ ఒక్క చెరువు సంగతే రాస్తున్నాను.

చెరువులో మొలిచిన రాళ్లు

డెబ్బైల్లో వానలు ముఖం చాటేసిన ఏళ్లు కొన్ని వరుసగా వచ్చాయి. హనుమకొండ అవతల గుండ్లచెరువులో కట్ట దగ్గర బర్రెలు మునిగేంత నీళ్లు తప్ప, మిగతాదంతా పగుళ్లిచ్చిన నేలే. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే ఆ నేలను శిఖం అంటారు. శిఖంలో ఇల్లు కట్టకూడదు. ఈ సంగతి మా శాఖకు తెలుసు, ఊరికి తెలుసు, అమ్మేవాడికి ఇంకా బాగా తెలుసు. ఒక ఎండాకాలం చూస్తుండగానే శిఖం అంచున ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు, వాటికి సున్నం కొట్టారు.

కొన్నవాళ్లంతా చదువుకున్నవాళ్లే. టీచర్లు, గుమాస్తాలు, బ్యాంకు వాళ్లు. "ఇది చెరువు కదా?" అని అడిగినవాళ్లకు అమ్మినాయన, "చెరువైతే నీళ్లుండాలె గద సార్, ఏవి మరి?" అని ఎదురు అడిగేవాడట. దానికి జవాబు చెప్పడం మా శాఖకే చేతకాలేదు, పాపం వాళ్లకేం చేతనవుతుంది.

చెరువు పక్కన ఉంటున్నామని చెప్పుకోవడానికి నామోషీ అనిపించి కాలనీకి సరోవర్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. చుక్క నీరు కనబడని ఒక వీధికి తీరం రోడ్డు అని బోర్డు పెట్టారు. సంఘం తరఫున ములుగు అవతల గోదావరి ఒడ్డు నుంచి ఒక పాత పడవను లారీలో తెప్పించారు. నీళ్లు లేవు కాబట్టి దాన్ని అధ్యక్షుల వారి వాకిట్లో పెట్టారు. అందులో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి.

స్టూలెక్కితే చెరువు

నేను ఆ కాలనీలో ప్లాటు కొనలేదు. చెరువు ఎక్కడిదాకా వస్తుందో తెలిసినవాడికి అంత ధైర్యం ఉండదు. అద్దెకు మాత్రం దిగాను. అదే ఇంట్లో పక్క వాటాలో ఉండే ఓనరు సాంబయ్య గారు కచేరీలో పనిచేసి రిటైర్ అయ్యారు. కాలనీ సంఘానికి ఆయనే అధ్యక్షులు, పడవా కోళ్లూ ఆయన వాకిట్లోవే. నా ఉద్యోగం ఏమిటో తెలిశాక ఆయన తెగ సంబరపడ్డారు.

"ఓవర్సీర్ సాబ్, చెరువు మీ చేతిల ఉంటది, మీరు మా చేతిల ఉంటరు. ఇగ మాకేం ఫికర్?" అన్నారు నవ్వుతూ. నేను తమాషాకు అన్నారనుకున్నాను.

ఇల్లు బాగానే ఉండేది. సాయంత్రాలు గాలి వచ్చేది. ఆ గాలి కోసం సాంబయ్య గారి చుట్టాలు కాజీపేట నుంచి, మరిపెడ నుంచి వచ్చేవాళ్లు. మా వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేసుకొని నిలబడితే దూరంగా కట్ట కింద నీళ్లు తళుక్కుమనేవి. ఆయన చుట్టాలను మా వంటింట్లోకి తీసుకొచ్చి ఒక్కొక్కరినే స్టూలెక్కించి చెరువు చూపించేవారు. అంతసేపూ నా భార్య సుశీల పొయ్యి మీద కూర దించుకొని పక్కకు నిలబడేది. "మనం అద్దెకున్నది ఇంట్లనా, టూరిస్టు బంగ్లలనా?" అని ఒకనాడు అడిగింది.

నీళ్లు వచ్చాయి

ఎనభైల మొదట్లో ఒక ఏడు వానలు దంచికొట్టాయి. చెరువు నిండి, మత్తడి మీదుగా నీళ్లు దుంకాయి. మత్తడి అంటే నిండగా మిగిలిన నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన గోడ. అది దుంకిన రోజు కింద పొలాలున్న రేగులపల్లెకు పండుగే. డప్పులతో వచ్చి కట్ట మీద మైసమ్మకు మేకపోతును కోశారు. కల్లు కుండలు దిగాయి. నన్ను కూడా కూర్చోబెట్టారు.

అక్కడే కొమురమ్మ నన్ను పట్టుకుంది. ఆయకట్టులో అందరికన్నా చివరి మడి ఆమెది. వానాకాలం ఎలాగో గట్టెక్కుతుంది. చలికాలం వేసే యాసంగి పంటకు మాత్రం, చెరువు నిండుగా ఉన్న ఏడు తప్ప, నీళ్లు అక్కడిదాకా అందవు. ఆమె భర్త బొంబాయి దగ్గర బీమండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకుతున్నాడు. ఏడాదికోసారి వచ్చిపోతాడు.

"సారూ, గీ ఏడన్న నా మడికి యాసంగి నీళ్లొస్తయా?"

"చెరువు నిండింది గద కొమురమ్మా. తూము పద్ధతిగా వాడుకుంటే ఎందుకు రావు?"

"గట్లయితే మా ఆయనకు కార్డు రాయిస్త. రెండు పంటలు పండినంక బీమండి ఏమిటికి సారూ? ఆ సాంచాల చప్పుడుకు చెవులు పోయినయ్ ఆయనకు. ఇంటికొచ్చి ఉంటడు." ఆమె ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది. మా ఉద్యోగంలో ఒకరికి ఆ మాట చెప్పగలిగే రోజులు తక్కువ.

అదే సాయంత్రం ఇటు ఒడ్డున సరోవర్ నగర్ కూడా పండుగ చేసుకుంది. మిర్చి బజ్జీలు వేశారు, టేపు రికార్డరు పెట్టారు. కోళ్లను తోలి పడవను నీళ్లలోకి దింపారు. సాంబయ్య గారు మెడలో దండ వేసుకొని అందులో కూర్చున్నారు. తెడ్డు వెయ్యడం ఎవరికీ రాదు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది తప్ప ముందుకు పోలేదు. అయినా చప్పట్లు కొట్టారు.

రెండు రోజుల తర్వాత తీరం రోడ్డు తన పేరు నిలబెట్టుకుంది. నీళ్లు సాంబయ్య గారి మెట్ల దాకా వచ్చాయి. లెక్కల టీచరు స్నానాల గదిలో నీరుకట్టె పాము కనబడింది. అది విషం లేనిదని నేనెంత చెప్పినా ఆయన వారం రోజులు మా ఇంట్లోనే స్నానం చేశారు.

వెదురు కర్ర హద్దు

సంఘం మీటింగు పెట్టారు. నీళ్లు తియ్యాలన్నారు. పూర్తిగా తియ్యవద్దు, చూడముచ్చటగా ఉంటే చాలన్నారు. లెక్కల టీచరు లేచి, "చెరువు నిండకుంట, ఎండకుంట నడుమ ఉంచలేరా సార్? మీరు ఇంజినీర్లు గద" అన్నారు.

"మీకు ఎక్కడిదాకా ఉండాలి?" అని నేను వెటకారంగానే అడిగాను. వాళ్లకు వెటకారం ఎక్కలేదు. సాంబయ్య గారు ధోవతి ఎగగట్టి నీళ్లలోకి దిగి, నాలుగడుగులు నడిచి, ఒక వెదురు కర్ర పాతి దానికి ఎర్రగుడ్డ కట్టారు. "గీడిదాంక. ఇవుతలికి రావొద్దు, అవుతలికి పోవొద్దు" అన్నారు. అందరూ తలూపారు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క ముక్క సాంకేతికంగా చెప్పాలి. చెరువుకు కట్ట వైపు లోతు, ఎదుటి ఒడ్డు వైపు నేల తాంబాళంలా చదును. కట్ట దగ్గర రెండు జానల నీళ్లు తగ్గితే అక్కడ తేడా కనబడనే కనబడదు. ఇటు చదునులో మాత్రం ఒడ్డు ఫర్లాంగు దూరం వెనక్కి పోతుంది. ఇది అందరికీ చెప్పాను. వాళ్లు కర్ర వైపు చూశారు, నా వైపు చూడలేదు.

మా డి.ఇ. గారి పద్ధతి

సాంబయ్య గారు నాతో పెట్టుకోలేదు. నేరుగా నా పై అధికారి, డిప్యూటీ ఇంజినీరు, మా డి.ఇ. గారి దగ్గరికి పోయారు. ఈ డి.ఇ. గారు చదువులో గట్టివారు. ఎస్టిమేటు కళ్లు మూసుకొని వేసేవారు. ఎవరి ముఖం మీదా కాదనేవారు కాదు, ఏదీ కాగితం మీద పెట్టేవారూ కాదు. మర్నాడు నన్ను పిలిచారు.

"జర రెండు జానలు దించవయ్యా, ఏం పోతది?"

"చివరి మడులకు యాసంగి పోతది సార్."

"యాసంగి వరకు మల్ల వానలు పడయా?"

"పడకపోతే? ఆర్డరు రాసివ్వండి సార్, దించుతా."

"రాసుడెందుకయ్యా, పెద్దమనుషులు. నీ ఇంటి ఓనరే గద!" అని టీ తెప్పించారు. రాసిస్తే తప్ప తూము ముట్టనని చెప్పి, టీ తాగి వచ్చేశాను.

రెండో రోజుకే ములుగు దగ్గర ఒక కుంటకట్టకు బుంగ పడిందట, చూసి రమ్మన్నారు. పోయాను. బుంగ లేదు. ఆ కుంట కూడా నలుగురిని అడిగితే గాని దొరకలేదు. అదే చెబితే, వానలు తగ్గేదాకా అక్కడే కాచుకొని ఉండమన్నారు. వాన పడకపోయినా గొడుగు పట్టుకొని ఆ కట్ట మీద తిరిగాను. తిరిగొచ్చేసరికి గుండ్లచెరువు తూము బార్లా తెరిచి ఉంది. పంటకాలువ దాటిన నీళ్లన్నీ వాగులో కలుస్తున్నాయి. రేగులపల్లె వాళ్లు వచ్చి అడిగితే, తూము షట్టరు రిపేరు, నీళ్లు దించకపోతే మొదలుకే మోసమని చెప్పారట. షట్టరును తిప్పే హ్యాండిల్ డి.ఇ. గారి బీరువాలో ఉంది.

బీరువా ముందు నిలబడి అడిగాను. "రిపేరు కానియ్యవయ్యా" అన్నారు ఆయన. ఏమిటి రిపేరు అంటే, "అదే చూస్తాన్రు" అన్నారు. రేగులపల్లెకు పోయి అసలు సంగతి చెప్పాను. వాళ్లు ఆఫీసుకు వస్తే డి.ఇ. గారు వాళ్లకు కూడా టీ ఇచ్చి, వారంలో మూయిస్తానన్నారు.

ఆయన లంచం తిన్నారని నేననను. నాకు తెలిసి తినలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని నొప్పించకూడదన్నదే ఆయన జబ్బు. ఎదురుగా కుర్చీలో కూర్చునే స్థోమత కొమురమ్మకు లేదు. లంచం తినేవాడి కన్నా ఇలాంటివాడితోనే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం. లంచగొండిని తిట్టనైనా తిట్టవచ్చు, ఈయనను తిడితే మనమే చెడ్డవాళ్లమవుతాం.

బతుకమ్మకు నీళ్లు లేవు

నీళ్లు మొదట వెదురు కర్ర దాకా పోయాయి. సాంబయ్య గారు స్వీట్లు పంచారు. తర్వాత కర్ర దాటి పోయాయి, ఇంకా పోయాయి. ఎర్రగుడ్డ కర్ర నడి నేలలో నిలబడింది. పడవ బురదలో కూరుకుపోయింది, కోళ్లు మళ్లీ కాపురానికి వచ్చాయి. బురద వాసనకు, దోమలకు చెరువు వైపు కిటికీలన్నీ మూసుకున్నారు. మా స్టూలు కూడా ఖాళీగా ఉండేది.

ఇంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. తొమ్మిది రోజులు ఆడి, చివరి రోజు సద్దుల బతుకమ్మను నీళ్లలో వదలాలి. అందరికన్నా పెద్ద బతుకమ్మకు బహుమతి అని సంఘం ప్రకటించింది. నీళ్లు తీయించిన సంఘానికి, ఆ బతుకమ్మలు ఎక్కడికి పోతాయన్న ఆలోచన రాలేదు. సాంబయ్య గారి భార్య రాజేశ్వరమ్మ గారు నడుం ఎత్తు బతుకమ్మ పేరుస్తానని కూర్చున్నారు. గునుగు పూలు మోపులు కట్టి తెచ్చి ఇచ్చింది కొమురమ్మే. ఆమె పొలం గట్ల మీద గునుగు విరగబూసేది.

"అమ్మా, ఏడ ఏస్తరు గింత బతుకమ్మను?" అని కొమురమ్మ అడగడం నేను విన్నాను.

"ఇంటి ముంగట చెరువు పెట్టుకొని ఏడికి పోతం కొమురమ్మా? నాలుగడుగులు ఎక్కువ నడుస్తం, గంతే" అన్నారు రాజేశ్వరమ్మ గారు.

ఆ సాయంత్రం తీరం రోడ్డు మీద ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకొని చప్పట్లు కొడుతూ ఆడారు. చూడటానికి నిజంగా కన్నుల పండుగ. పొద్దు గూకుతుంటే బతుకమ్మలను నెత్తిన పెట్టుకొని చెరువులోకి నడిచారు. కర్ర దాటగానే రాజేశ్వరమ్మ గారి కాలు మోకాలి దాకా దిగబడింది. నెత్తి మీద బతుకమ్మ ఊగింది. సుశీల పట్టుకోకపోతే కింద పడేదే. పైకి ఎండినట్టున్న నేల లోపలంతా బురద. నీళ్లు ఎక్కడో దూరాన మెరుస్తున్నాయి.

మగవాళ్లు సలహాలు మొదలుపెట్టారు. పడవను తోద్దామన్నారొకరు. లెక్కల టీచరు, "గంగాళంల నీళ్లు నింపి అండ్ల ఏద్దామా?" అన్నారు.

"నిన్ను ఏస్తం అండ్ల!" అన్నది ఆయన భార్య.

కొమురమ్మ తన చిన్న బతుకమ్మతో కట్ట వైపు పోతూ ఇదంతా చూసింది. "అమ్మా, కట్ట మీదికి రాండ్రి. ఆడ ఉన్నయ్ నీళ్లు" అన్నది. పట్టుచీరలు బురదతో, చెప్పులు చేతుల్లో, సరోవర్ నగర్ ఆడవాళ్లంతా రోడ్డు చుట్టు తిరిగి కట్ట ఎక్కారు, వెనకే మగవాళ్లమూ పోయాం. రేగులపల్లె వాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు.

"రాండ్రి రాండ్రి, మీరు తోలంగ ఇంక జరన్ని మిగిలినయ్" అన్నది అందులో ఒకావిడ.

"మేం తోలినమా? షట్టరు రిపేరట గద?" అన్నారు రాజేశ్వరమ్మ గారు.

కొమురమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "రిపేరు లేదు ఏం లేదమ్మా. మీ మెట్లకు నీళ్లొచ్చినయని మీ ఇంటాయన పోయి తెరిపిచ్చిండు. చెరువు నిండిందని మా ఆయనను రమ్మని కార్డు రాయించిన. ఇప్పుడు నా మడికి నీళ్లు రావు. ఆయనొస్తే నేనేం పెట్టాలె?"

రాజేశ్వరమ్మ గారు బతుకమ్మను దించలేదు. నెత్తిన అట్లాగే పెట్టుకొని భర్త వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆ తూము రేపు పొద్దుగాల్ల మూపియ్యాలె."

"అది డిపార్టుమెంటు ముచ్చటనే..." అని సాంబయ్య గారు నా వైపు చూశారు.

"తెరిపిచ్చేటప్పుడు నువ్వు, మూసేటప్పుడు డిపార్టుమెంటా?"

ఊరివాళ్లూ కాలనీవాళ్లూ కలిసి నవ్వారు. మర్నాడు పొద్దున్నే హ్యాండిల్ బీరువా దిగి వచ్చింది. రిపేరు పూర్తయినట్టు షట్టరుకు నీలం రంగు వేశారు. ఆ రంగు ఆరకముందే నేను తూము మూశాను.

గోడ

మూశాను గాని, పోయిన నీళ్లు పోయినవే. ఆ తర్వాత ఒక్క గట్టి వాన పడలేదు. యాసంగిలో వంతులు పెట్టి నీళ్లు వదిలాం. చివరి మడులు ఉన్న చోటికి ఇంకా కొంత దూరం ఉందనగానే కాలువ ఇంకిపోయింది. కాలువ వెంట నడుచుకుంటూ పోయి ఆ మాట కొమురమ్మకు నేనే చెప్పాను. ఆమె తలూపి, గట్టు మీద గడ్డి కోసుకోవడానికి వంగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. నీళ్లు దించమని గాని, పెంచమని గాని ఎవరైనా వస్తే ఒడ్డు మీద నిలబడి మాట వినకండి. కాలువ వెంట నడిచి చివరి మడి దాకా పోయి, అక్కడ నిలబడి ఆలోచించండి. దీనికి ఏ పరీక్షా రాయనక్కర్లేదు, ఏ ప్రమోషనూ రాదు.

ఆ ఎండాకాలం సాంబయ్య గారు ఇంటి మీద మేడ కట్టడం మొదలుపెట్టారు. చెరువు ఎంత వెనక్కి పోయినా కనబడాలని ఆయన ఆలోచన. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పై నుంచి కేకేశారు. "ఓవర్సీర్ సాబ్, పైకి రాండ్రి! ఇగ స్టూలు అక్కర్లేదు, చెరువు మొత్తం కనబడుతాంది!"

మెట్ల మీద కొమురమ్మ ఎదురైంది. చెరువు నుంచి తెచ్చిన నీళ్లబిందె నెత్తిన ఉంది. మేడ గోడలు తడపడానికి కూలికి వచ్చింది.

"మీ ఆయన?" అని అడిగాను.

"రావొద్దని మల్ల కార్డు రాయించిన సారూ." ఆమె బిందె దించి కొత్త గోడ మీద నీళ్లు చిలకరించింది. గోడ చూస్తుండగానే పీల్చేసింది. "నా మడికి రాని నీళ్లు నెత్తి మీద మోసుకొచ్చి దీనికి పోస్తాన. మస్తు తాగుతాంది సారూ" అని, ఖాళీ బిందె తీసుకొని మళ్లీ చెరువుకు దిగింది.